చదువు వచ్చిన సంఘము – చదువుచున్న సంఘము

(శతవార్షికోత్సవ సభలలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ మహోత్సవ సమయమున పఠనాభిలాషను గూర్చి మాటలాడవలసినదని కార్యవర్గమువారు మాకు ఆజ్ఞయిచ్చిరి. నూరేండ్ల పండుగలో కట్టిన గుడులను గూర్చి, స్థాపించిన బడులను, ఆసుపత్రులను గూర్చి చెప్పుకొనుట వాడుక. అవి కంటికి కనిపించును. వాటి గోడలకు శిలాఫలకములున్నవి. చదివే అలవాటుకు శిలాఫలకము లేదు. అది ఉన్నన్నాళ్లు ఎవరును గమనింపరు. పోయిన తరువాత ఆ లోటు ఇంటింట తెలియును. కనుక ఆ అలవాటు మనకు ఎట్లు వచ్చినది, నేడు ఎట్లున్నది, రేపటికి దానిని ఎట్లు నిలుపుకొనవలెను అను మూడు సంగతులు మీ ముందుంచుచున్నాము.

వారసత్వముగా రాని ఆస్తి

మనలో అనేకుల కుటుంబములకు పొలము వారసత్వముగా రాలేదు. అక్షరము కూడ రాలేదు. మన ముత్తాతల కాలమున ఊరికి ఎడముగా పేట ఉండెను. ఊరి బడి అరుగు ఎక్కుటకు ఆ పేట పిల్లలకు అనుమతి లేదు. పగలంతయు కూలిపని చేసి వచ్చిన పెద్దవారు, పశువులను కాచి వచ్చిన పిల్లలు, సందెవేళ ఉపదేశకుని గుడిసె ముందర కిరసనాయిలు దీపము చుట్టు కూర్చుండిరి. మొదట నోటితో నేర్చుకొనిరి: ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము. తరువాత పలక, బలపము వచ్చినవి. మీసములు నెరిసినవారు మనుమలతో కలిసి గుణింతములు దిద్దిరి. బైబిలు స్త్రీలు ఇంటింటికి పోయి, పొయ్యి దగ్గర కూర్చున్న తల్లులకు వాక్యము చదివి వినిపించిరి.

ఆ అక్షరముల ఫలము గుడిలో మాత్రమే కనబడలేదు. సువార్త చదువుటకు నేర్చిన అక్షరములే షావుకారు వ్రాసిన ప్రోనోటు చదువుటకును పనికివచ్చినవి. వేలిముద్ర వేయుచుండిన చేయి సంతకము చేసెను. ఎంత తీసుకొంటిమి, వడ్డీ ఎంత, ఏ తేదీన వ్రాసినారు అని కాగితము చూచి అడుగగల మనిషి ఒక్కడు పేటలో ఉన్నయెడల, ఆ పేటను మోసము చేయుట అంత సులభము కాదు. దూరదేశము పోయిన కుమారుని ఉత్తరము ఇతరులను బతిమాలకుండ విప్పి చదువుకొనగలుగుట ఒక తల్లికి ఎంతటి స్వాతంత్ర్యమో ఆలోచించుడి.

ఇక ఆ పుస్తకము మన చేతికి వచ్చిన దారి ఎంత దూరమైనదో గుర్తుచేసికొందము. చెన్నపట్టణమున పనిచేసిన బెంజమిన్ షుల్జ్ గారు బైబిలును తెలుగులోనికి మార్చుటకు పూనుకొనిరి. ఆయన తెలుగు చిన్న పుస్తకములు 1746లో జర్మనీ దేశపు హల్లే పట్టణమున అచ్చయినవి. ఆయన అనువదించిన బైబిలు మాత్రము వ్రాతప్రతిగానే మిగిలిపోయెను. 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజ్ అను ఇద్దరు లండను మిషనరీలు విశాఖపట్టణము చేరిరి. ఆనందరాయరు అను పండితుని సహాయముతో సువార్తలను తెనిగించుచుండిరి. 1809లో క్రాన్ గారు మరణించిరి. 1810లో డి గ్రాంజ్ గారు మరణించిరి. వారు అనువదించిన మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయినవి. అచ్చయిన పుస్తకమును చేత పట్టుకొనుటకు ఆ ఇద్దరిలో ఒక్కరును బ్రతికి లేరు.

ఆ 1812వ సంవత్సరము మార్చి నెలలోనే సేరంపూరు అచ్చుకూటము అగ్నికి ఆహుతియైనది. అచ్చు అక్షరములు కరగిపోయినవి, విలియం కేరీ గారు ఏండ్ల తరబడి వ్రాసిన ప్రతులు అనేకము బూడిదయైనవి. చెప్పులు కుట్టు బల్ల ప్రక్కన పుస్తకము పెట్టుకొని చదువుకొన్న ఆ మనిషి తిరిగి కూర్చుండి వ్రాయ మొదలుపెట్టెను. 1814లో ఆయన తెలుగు వ్యాకరణము వెలువడినది. యిర్మీయా గ్రంథము 36వ అధ్యాయములో ఇట్టి సంగతియే యున్నది. రాజు గ్రంథపు చుట్టను చాకుతో కోసి కుంపటిలో వేయగా, బారూకు మరియొక చుట్ట తీసికొని తిరిగి వ్రాసెను. మునుపటి కంటె ఎక్కువ మాటలు చేర్చబడెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన, 1854లో సంపూర్ణ బైబిలు మనకు లభించినవి. అనగా షుల్జ్ గారి చిన్న పుస్తకముల మొదలు ఈ బైబిలు వరకు నూరు సంవత్సరములు దాటినవి. ఇంత వెల పెట్టి తెచ్చిన పుస్తకమును మనము నేడు పెండ్లి కానుకగా ఇచ్చి, అద్దాల బీరువాలో భద్రముగా దాచుచున్నాము.

నేటి స్థితి

1951 జనాభా లెక్కలలో మన దేశమున చదువు వచ్చినవారు నూటికి 18 మంది. 2011 లెక్కలలో సుమారు 73 మంది. ఇది సామాన్యమైన మార్పు కాదు. దీనికై దేవునికి స్తోత్రము చెల్లింపవలెను. మన ఇండ్లలో ఇంజనీర్లున్నారు, నర్సులున్నారు, విదేశములలో ఉద్యోగము చేయు బిడ్డలున్నారు. చదువు వచ్చినది. అయితే చదువు వచ్చుట వేరు, చదువుట వేరు. ఈత వచ్చినవాడు ఏటికి పోకపోయిన యెడల ఈత రానివానికిని అతనికిని భేదమేమి?

ఆదివారము ఆరాధనలో పాత నిబంధన పాఠము చదువుటకు ఎవరు వచ్చెదరని అడిగినప్పుడు ఏమి జరుగుచున్నదో మీరు ఎరుగుదురు. వెనుక వరుసలవారు తల వంచుకొందురు. చివరకు అరువది యేండ్ల పెద్దమనిషి కండ్లజోడు సవరించుకొని లేచును. పట్టభద్రులైన యౌవనస్థులు లేవకపోవుటకు భక్తి లేకపోవుట కారణము కాదు. మేము వారితో మాటలాడి తెలిసికొన్న సంగతి ఇది: వారికి తెలుగు చదువుట రాదు. ఇంగ్లీషు మీడియములో చదివినారు. ఇంటిలో తెలుగు మాటలాడెదరు గాని అక్షరము కూడబలుకుకొనవలెను. వత్తులు వచ్చిన చోట ఆగిపోవుదురు. నలుగురి ముందు నవ్వులపాలగుదుమేమోనని కూర్చుండి పోవుదురు. పాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొని పాడుచున్నారు.

ఇంగ్లీషు చదువు తప్పు అని మేము చెప్పము. తలిదండ్రులు అప్పు చేసి ఆ బడులకు పంపినది బిడ్డల మేలు కొరకే. పోనీ, తెలుగు రాకపోయినను ఇంగ్లీషు పుస్తకములైనను చదువుచున్నారా అని చూతుము. పరీక్ష పుస్తకము తప్ప మరియొకటి ఇంటిలో కనబడదు. పరీక్ష ముగిసిన నాడు ఆ పుస్తకమును కూడ తూకమునకు అమ్మివేయుదురు. మొదటి తరమువారికి అక్షరము రాదు గాని వాక్యము కంఠస్థము. రెండవ తరమువారు అక్షరము నేర్చి చదివిరి. మూడవ తరమునకు అక్షరము వచ్చును, కంఠస్థము లేదు, చదువుటయు లేదు. మనము భయపడవలసిన సంగతి ఇదే. పొలమును అమ్మిన యెడల కాగితము మీద వ్రాయబడును. ఈ ఆస్తి కాగితము లేకుండనే చేయి జారిపోవుచున్నది.

చదువురాని పెద్దల భక్తి

ఇక్కడ కొందరు పెద్దలు ఒక ప్రశ్న వేయుదురు. అయ్యగారూ, మా అమ్మకు అక్షరము ముక్క రాదు. అయినను ఆమె భక్తి ముందు మా భక్తి నిలువదు. అట్లయిన ఇంత చదువు ఎందుకు అని. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు.

ఒక పల్లె సంఘములో ఎనుబది యేండ్లు దాటిన విధవరాలిని మేమెరుగుదుము. ఆమెకు చదువు రాదు. సెలవులకు వచ్చిన మనుమడు ప్రతి సాయంకాలము ఒక అధ్యాయము చదివి వినిపించవలెనని ఆమె నియమము. ఒకనాడు ఆ పిల్లవాడు ఆటకు పోవు తొందరలో మధ్యలో రెండు వచనములు దాటవేసెను. ఆమె వెంటనే, నాయనా, అక్కడ ఇంకొక మాట ఉన్నది, వెనుకకు పో అనెను. అక్షరము తెలియని చెవి అక్షరము తెలిసిన కంటిని దిద్దినది. ఆమె పుస్తకము లేని మనిషి కాదు. పుస్తకము ఆమె లోపల నున్నది. అది ఎట్లు చేరినది? ఎవరో ఒకరు ఏండ్ల తరబడి ఆమెకు చదివి వినిపించుట వలననే గదా. ఆ చదువరి లేనియెడల ఆ కంఠస్థము లేదు. ఆ పెద్దలను చూపి చదువు అక్కరలేదని మనము అనరాదు. వారే తమ నోటి ముద్ద తగ్గించుకొని మనలను బడికి పంపిరి. తమకు లేనిదేమో వారికి తెలియును.

పరిశుద్ధ గ్రంథములో చదువు ఎక్కువగా చెవికి సంబంధించినదే. ఎజ్రా ధర్మశాస్త్రమును ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు స్త్రీలకు, పురుషులకు చదివి వినిపించెను. లేవీయులు దాని భావము చెప్పిరి. ఐతియొపీయుడైన నపుంసకుడు రథములో యెషయా గ్రంథము చదువుచుండగా ఫిలిప్పు విన్నాడని అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయము చెప్పుచున్నది. ఆయన పెదవులు కదపకుండ చదివియున్న యెడల ఫిలిప్పుకు వినిపించియుండదు, ఆ సంభాషణ జరిగియుండదు. మన ప్రభువు కూడ నజరేతు సమాజమందిరములో లేచి నిలువబడి చదివెను. గట్టిగా చదువుట చిన్నపిల్లల పని అని సిగ్గుపడనక్కరలేదు. అది సంఘము యొక్క పాత మర్యాద.

అలవాటు నిలుచు విధము

అలవాటు ఉపన్యాసము వలన రాదు. మేము చూచినంత వరకు, చదువు నిలిచిన ఇండ్లలో కొన్ని సంగతులు సమానముగా నున్నవి. వాటిని చెప్పెదము.

మొదటిది, కొంచెము చదువుట. కొత్త సంవత్సరపు ఆరాధనలో తీర్మానము చేసికొని రోజుకు పది అధ్యాయములు మొదలుపెట్టినవారు లేవీయకాండము దగ్గర నిలిచిపోవుదురు. లెక్క చూడుడి. క్రొత్త నిబంధనలో 260 అధ్యాయములున్నవి. వారమునకు ఐదు చదివిన చాలును, రెండు దినములు విడిచినను ఏబదిరెండు వారములలో సరిగా ముగియును. బైబిలు మొత్తములో 1189 అధ్యాయములున్నవి. రోజుకు మూడు, ఆదివారము ఐదు చదివిన ఒక సంవత్సరము చాలును. కీర్తనలను ఉదయ సాయంకాలములకు పంచి ముప్పది దినములలో ముగించు పద్ధతి ఆంగ్లికను ప్రార్థన పుస్తకములో ఏనాటి నుండియో యున్నది. సామెతల గ్రంథమునకు 31 అధ్యాయములు. తేదీని బట్టి ఒకటి. కొంచెమైనను విడువకుండుటయే ముఖ్యము.

రెండవది, వేళ, చోటు మారకుండుట. పొద్దుటి కాఫీకి వేళ యున్నది, టి.వి. సీరియలుకు వేళ యున్నది. పుస్తకమునకు తీరిక దొరికినప్పుడు అన్న యెడల ఆ తీరిక రాదు. రాత్రి భోజనమైన తరువాత విస్తళ్లు తీయకముందే పావుగంట చదువు కుటుంబములున్నవి. అక్కడ పిల్లలను పిలువనక్కరలేదు; అన్నము కొరకు వచ్చి అక్కడనే యుందురు.

మూడవది, వంతుల వారీగా గట్టిగా చదువుట. తెలుగు రాని పిల్లలకు ఇదే ఉత్తమమైన బడి. ఒక వచనము తండ్రి, ఒక వచనము బిడ్డ. తప్పు చదివినప్పుడు నవ్వరాదు. ఇంటిలో ఆరు నెలలు చదివిన బిడ్డ గుడిలో పాఠము చదువుటకు తానే లేచును. తాతయ్య, నాయనమ్మ ఉన్న ఇండ్లలో ఈ పని వారికి అప్పగించుడి. బిడ్డకు తెలుగు వచ్చును, పెద్దవారికి వినుటయగును.

నాలుగవది, సెల్ ఫోను సంగతి. బైబిలు ఫోనులోనే యున్నది గదా అని యౌవనస్థులు అందురు. నిజమే. చూపు మందగించినవారికి అక్షరము పెద్దది చేసికొనుటకు, చదువురానివారికి వినిపించుటకు అది మంచి సాధనము. మేము దానిని నిందింపము. అయితే ఫోనులో ఒక అధ్యాయము ముగియులోపల మూడు కబుర్లు తలుపు తట్టును. చదువునప్పుడు పిలువని అతిథి రాకుండ చేసికొన్న యెడల ఫోనైనను, కాగితమైనను ఒక్కటే.

అయిదవది, బైబిలుతో పాటు మరియొక పుస్తకము. బైబిలు చాలదా అని అడుగవచ్చును. అపొస్తలుడైన పౌలు మరణము ఎదుటనుండగా చెరసాల నుండి వ్రాసిన పత్రికలో, తిమోతీ వచ్చునప్పుడు అంగీని, పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను తెమ్మని కోరెను. చలికాలమునకు అంగీ ఎంత అవసరమో ఆయనకు పుస్తకములు అంత అవసరము. దానియేలు చెరపట్టబడిన దేశమున యిర్మీయా వ్రాతలను చదివి కాలమును గ్రహించెను. మనకును మన భాషలో సంపద యున్నది. పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) కీర్తనలను మనము పాడుచున్నాము. వాటిని కూర్చుండి నిదానముగా చదివినవారెందరు? వినుకొండలో 1895లో పుట్టి, అంటరానితనపు అవమానమును అనుభవించి, ఆ అవమానమునే కవిత్వముగా మార్చిన గుఱ్ఱం జాషువ గారు మన పేటల బిడ్డ. ఆయన గబ్బిలము 1941లో వెలువడినది. క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆయన పటమునకు దండ వేయు ఇండ్లు ఎన్నియో యున్నవి. ఆయన పుస్తకము తెరచు ఇండ్లు కూడ అన్ని యుండవలెను.

సంఘము చేయదగిన పని

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము నడిపినవారు ధనవంతులు కారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు 1914లో బెజవాడలో గ్రంథాలయముల వారినందరిని సమావేశపరచిరి. వేటపాలెములో 1918లో మొదలైన సారస్వత నికేతనము నేటికిని పాఠకులకు తెరచియున్నది. పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలువపై పడవలో పుస్తకములు పెట్టి ఊరూర పంచిరి. చదువరి గ్రంథాలయమునకు రాకపోయిన యెడల గ్రంథాలయమే చదువరి యొద్దకు పోవలెనని వారు గ్రహించిరి. ఇది మన బైబిలు స్త్రీలు వారికంటె ముందే కాలినడకన చేసిన పని.

ప్రతి సంఘములో వెస్ట్రీ గదిలో ఒక బీరువా యున్నది. దానిలో పాత రసీదు పుస్తకములు, విరిగిన కొవ్వొత్తి స్టాండ్లు ఉన్నవి. ఒక అర ఖాళీ చేసి ఏబది పుస్తకములు పెట్టుడి. తాళము చెవి పాస్టరు గారి దగ్గర గాక నిర్ధారణ పొందిన ఒక బాలిక దగ్గర ఉంచుడి. ఆదివారము ఆరాధన తరువాత అరగంట తెరచి ఉంచుడి. సభలలో మనము కప్పు శాలువలలో సగము మానివేసి పుస్తకములిచ్చిన యెడల, రెండేండ్లలో ఆ అర నిండును. పుస్తకములు చినిగిపోవునని భయపడకుడి. చినిగిన పుస్తకము చదివిన పుస్తకము. చెదలు తినిన పుస్తకమే సంఘమునకు అవమానము.

గురువులమైన మనకు కూడ ఒక మాట. వేదాంత కళాశాలలో గ్రంథాలయమే మన రెండవ ఇల్లు. పాస్టరేటులోనికి వచ్చిన తరువాత పెండ్లిండ్లు, సమాధి కార్యక్రమములు, కమిటీలు, కట్టడములు మన కాలమును మ్రింగివేయును. పట్టా వచ్చిన నాడే పుస్తకము మూసిన గురువు పదేండ్లలో చెప్పిన ప్రసంగమే చెప్పును, సంఘము మర్యాదకు వినును. చదువని కాపరి చదువుమని మందకు చెప్పలేడు.

నలువది దాటిన వారికి చత్వారము వచ్చును. మాకును ఈ మధ్యనే వచ్చినది. పుస్తకమును చేతికి అందినంత దూరము జరిపి చదువుకొనుచు, ఇక చేయి చాలదని తెలిసినప్పుడు కండ్లజోడు కొనవలసి వచ్చినది. అరువది దాటిన తరువాత శుక్లములు వచ్చును. అప్పుడు ఆపరేషను చేయించుకొనుట ఆలస్యము చేయకుడి. కండ్లు పూర్తిగా అలసిన నాడు చదివి వినిపించు మనుమరాలు ఉండవలెనన్న యెడల, ఆమెకు నేడే తెలుగు అక్షరములు దిద్దించుడి. చదువు జీవితకాలపు అలవాటు అనగా అర్థము ఇదే: చిన్ననాడు ఇతరులు మనకు చదువుదురు, నడివయస్సున మనము ఇతరులకు చదువుదుము, ముసలితనమున తిరిగి ఇతరులు మనకు చదువుదురు. ఈ గొలుసులో ఒక్క కొక్కెము తెగినను రెండు ప్రక్కలవారును మౌనముగా నుండవలసి వచ్చును.

మన మండలము రెండవ నూరేండ్లలోనికి ప్రవేశించుచున్నది. ఇంకొక నూరేండ్లకు ఇచ్చట కూడువారిలో మనమెవ్వరము ఉండము. వారు ఎంత పెద్ద గుడి కట్టుదురో మనకు తెలియదు. పాఠము చదువుటకు ఎవరు వచ్చెదరని అప్పటి గురువు అడిగినప్పుడు, ఒక బిడ్డ సంకోచింపక లేచి, మన భాషలో, స్పష్టమైన స్వరముతో చదువవలెను. అది మనము ఈ రాత్రి భోజనమైన తరువాత మన ఇండ్లలో ఏమి చేయుదుమో దానిమీద ఆధారపడియున్నది. అక్షరమును మన పితరులకు కృపగా ఇచ్చిన దేవుడు, దానిని మన బిడ్డలకు అప్పగించు ఓపికను మనకు దయచేయును గాక. ఆమేన్.